నక్షత్రాల కంటే ముందు ‘షా’: పరపతిని కొలిచిన చరిత్ర

కోచింగ్‌లో చేరే ముందు మీరు ఏం చూస్తారు? ఫోన్‌లో 4.8 రేటింగ్, దాని పక్కన నవ్వుతున్న టాపర్ల ఫొటోలు. ఆ మాటలు నమ్మి ఇంట్లోవాళ్లు దాచుకున్న డబ్బు కట్టేస్తాం. కానీ ‘బాగుంది’ అంటున్నది ఎవరు, ఆ మాట తప్పని తేలితే వాళ్లకు పోయేదేమిటి అన్నది ఆ అంకెలో కనిపించదు. ఈ రెండు ప్రశ్నలూ కొత్తవి కావు. మనం సిలబస్‌లో విడివిడిగా చదివే కొన్ని విషయాలను ఈ కోణంలో కలిపి చూడండి.

మొదట అల్లావుద్దీన్ ఖిల్జీ (1296–1316). మార్కెట్ సంస్కరణలు అనగానే ధరల నియంత్రణ అని ఒక్క లైను రాసి వదిలేస్తాం. జియావుద్దీన్ బరనీ చెప్పినదాంట్లో నాకు ఆసక్తిగా అనిపించేది సమాచారం చేరే పద్ధతి. ఢిల్లీ ధాన్యం మండీ సంగతులు సుల్తానుకు రోజూ మూడు దారుల్లో అందేవి: మార్కెట్ అధికారి షహ్నా-ఇ-మండీ నుంచి, వార్తాహరుడైన బరీద్ నుంచి, రహస్య గూఢచారులైన మున్హీల నుంచి. లెక్కలు కలవకపోతే శిక్ష తప్పదు. మూడు నివేదికలు ఉండటం కాదు, అవి ఒకరి చేతిలోంచి రాకపోవడం ఇక్కడ ముఖ్యం. ఒకే గదిలో కూర్చుని రాసిన వెయ్యి రివ్యూలు లెక్కకు వెయ్యే, విలువకు ఒక్కటే. అయితే ఆ వ్యవస్థ భయం మీద నడిచింది. సుల్తాను పోయాక నిలవలేదు.

భయం లేకుండా నడిచింది హుండీ. సూరత్ వ్యాపారి ఆగ్రాలో ఉన్న తన మనిషికి ‘ఈ చీటీ తెచ్చినవారికి ఇంత సొమ్ము ఇవ్వు’ అని రాసేవాడు. చూపించగానే చెల్లించేది దర్శనీ హుండీ, గడువు తర్వాత చెల్లించేది ముద్దతీ హుండీ. ఇవి ప్రిలిమ్స్‌కి చాలు. కానీ ‘షాజోగ్’ హుండీ దగ్గర ఒక నిమిషం ఆగండి. దాని సొమ్మును ‘షా’కి మాత్రమే ఇవ్వాలి. షా అంటే బజారులో పేరున్న వ్యాపారి. చీటీ ఎన్ని చేతులు మారినా, చివరికి ఒక షా ముందుకొచ్చి సొమ్ము తీసుకోవాలి. తర్వాత అది దొంగ హుండీ అని తేలితే, ఆ షాయే వడ్డీతో సహా సొమ్ము తిరిగి ఇవ్వాలి. అంటే, అతను చేసేది సిఫారసు కాదు, పూచీ. తెలుగులో ‘పరపతి’ అంటే పలుకుబడీ, అప్పూ రెండూ కావడం (సహకార పరపతి సంఘం గుర్తొచ్చిందా?) ఊరికే జరగలేదేమో అనిపిస్తుంది. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం తెచ్చిన బ్రిటిష్ ప్రభుత్వం కూడా దేశ భాషల్లో రాసే ఇలాంటి పత్రాల స్థానిక ఆచారాలను మొదటి సెక్షన్‌లోనే అలాగే ఉంచింది.

అలాగని హుండీని ఆకాశానికి ఎత్తకండి. షా అనిపించుకోవాలంటే కులం, బంధుత్వం, తరాల వ్యాపారం వెనక ఉండాలి. కొత్తవాడికి తలుపు తెరుచుకోదు. ఆన్‌లైన్ రేటింగ్ చేసిన మేలు ఇదే. ఎవరికీ తెలియని ఊళ్లో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి కూడా దేశమంతా అమ్ముకోగలుగుతోంది.

ముఖాలు తెలియని మార్కెట్లో పూచీ ఎవరిది? 1937లో వ్యవసాయ ఉత్పత్తుల గ్రేడింగ్, మార్కింగ్ చట్టంతో వచ్చిన అగ్‌మార్క్ ఆ పనిని ప్రయోగశాలకు అప్పగించింది. గుంటూరులోనూ దానికో ప్రాంతీయ ప్రయోగశాల ఉంది. బంగారం హాల్‌మార్కింగ్ 2000లో మొదలైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే నగల వ్యాపారి ఎవరో, పరీక్షించిన కేంద్రం ఏదో తెలుస్తుంది. స్వచ్ఛత తక్కువని తేలితే ఎవరిని అడగాలో ముందే రాసి ఉందన్నమాట.

ఇక రివ్యూలు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు వినియోగదారుడి వేషంలో రివ్యూ రాయకూడదు. 2022 నవంబరులో బీఐఎస్ ఐఎస్ 19000:2022 ప్రమాణం తెచ్చింది. రాసినవాళ్లు నిజమైన మనుషులేనా అని ఈమెయిల్, ఫోన్ లాంటి మార్గాల్లో సరిచూడటం, మోసపు రివ్యూలను వడకట్టడం అందులో ఉన్నాయి. వచ్చినప్పుడు అది స్వచ్ఛందమే. నా అభ్యంతరం స్వచ్ఛందం కావడం ఒక్కటే కాదు. సరిచూడటం వల్ల ‘ఎవరు’ అన్నది తేలుతుంది, ‘పోయేదేమిటి’ అన్నది తేలదు. వస్తువు నిజంగానే కొని, డబ్బు వెనక్కి తీసుకుని ఐదు నక్షత్రాలు ఇచ్చేవాడు ఈ పరీక్ష హాయిగా పాసవుతాడు. మామూలు కొనుగోలుదారుడి మీద షా బాధ్యత పెట్టలేం, పెడితే ఎవరూ నిజం రాయరు. కాబట్టి ఆ బాధ్యత నక్షత్రాలను చూపించి సొమ్ము చేసుకుంటున్న ప్లాట్‌ఫామ్ మీద పడాలి. మెయిన్స్‌లో అడిగితే నేను రాసేది ఇదే. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, కారణం రాయండి.

మన రంగంలో ఇది కొంత మొదలైంది. చాలామంది టాపర్లు ఆ సంస్థలో తీసుకున్నది ఉచిత ఇంటర్వ్యూ గైడెన్స్ మాత్రమేనని, ప్రకటనల్లో ఆ సంగతి దాచారని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారణల్లో బయటపడింది. 2024 నవంబరు 13న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అభ్యర్థి పేరు, ఫొటో, అభిప్రాయం వాడుకోవాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, అదీ ఎంపికైన తర్వాతే తీసుకోవాలి. చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఆ అభ్యర్థి ఏ కోర్సు చదివాడో, ఎంతకాలం చదివాడో ఫొటోతో పాటు చెప్పాలి. ఆ వివరాన్ని అడుగున చీమల బారులా వేస్తే కుదరదు, ముఖ్యమైన మిగతా సమాచారం ఏ సైజులో ఉందో ఇదీ అదే సైజులో ఉండాలి.