ఆపరేషన్ అయ్యాక మళ్ళీ పథ్యం

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని సంపాదకులు కోరినప్పుడు, అలవాటు ప్రకారం సర్వీసు రోజుల గురించే రాద్దామని కూర్చున్నాను. కాని ఏడాదిగా నా మనసులో మెదులుతున్న సంగతి వేరు. మన సభ్యులలో కొందరి ఇళ్ళలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు ఉన్నారు. అటువంటి ఇళ్ళవారికి ఇది పనికి వస్తుందనే ఆశతో రాస్తున్నాను.

మా తమ్ముడి కూతురు తొమ్మిదేళ్ళ క్రితం హైదరాబాదులో ఈ ఆపరేషన్ చేయించుకుంది. 112 కిలోలు ఉండే పిల్ల ఏడాదిన్నరలో 69కి దిగింది. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఐదో ఏడు నుంచి బరువు మెల్లగా తిరిగి వచ్చి, కిందటి దసరాకు 91 దగ్గర నిలిచింది. పండుగకు మా ఇంటికి వచ్చి, "పెదనాన్నా, అన్నం, టిఫిన్లు, స్వీట్లు మానేస్తున్నాను. గుడ్లు, చేపలు, కూరలు, పెరుగు మీద ఉంటాను. ఆపరేషన్‌కు ముందు రెండేళ్ళు చేసిన పథ్యమే" అంది. నేను ఉండబట్టలేక, "లక్షలు పోసి కడుపు కోయించుకున్నది మళ్ళీ పథ్యం చేయడానికా తల్లీ?" అన్నాను. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తరువాత కొన్ని నెలలు ఈ చికిత్సల చరిత్ర చదివాను. చదివిన కొద్దీ నా ప్రశ్నే తప్పని తెలిసింది.

ముందు పథ్యం సంగతి. పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గడం నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. 1797లోనే జాన్ రోలో అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు మధుమేహంతో బాధపడే ఒక కెప్టెన్‌కు మాంసాహార పథ్యం పెట్టిన వృత్తాంతాన్ని గ్రంథస్తం చేశాడు. అయితే సామాన్య జనంలోకి దీన్ని తీసుకువెళ్ళిన వ్యక్తి వైద్యుడు కాడు. ఆయన మనవంటి రిటైరైన మనిషే కావడం నాకు ముచ్చటగా తోచింది. పేరు విలియం బాంటింగ్. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే సంస్థ నడిపిన కుటుంబం వారిది. రాజవంశీకుల అంతిమయాత్రలు కూడా వారి చేతి మీదుగానే జరిగేవి.

1862 నాటికి బాంటింగ్ ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 202 పౌనులు, అంటే దాదాపు 92 కిలోలు. వంగి బూట్ల తాళ్ళు కట్టుకోలేడు. మోకాళ్ళ మీద భారం పడకుండా మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. డాక్టర్లు వ్యాయామం చెబితే తెల్లవారుజామున పడవ తెడ్డు వేసేవాడు. దానితో ఆకలి పెరిగి ఇంకా లావయ్యాడు. ఆవిరి స్నానాలు, మందులు అన్నీ అయ్యాయి. చివరకు చెవుడు వస్తోందని విలియం హార్వే అనే చెవి వైద్యుడి దగ్గరకు వెళ్ళాడు. ఆ హార్వే అంతకు ముందు పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విని, కాలేయానికీ చక్కెరకూ ఉన్న సంబంధం తెలుసుకుని వచ్చినవాడు. రొట్టె, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. మాంసం, చేప, ఆకుకూరలు, పూటకు ఒక చిన్న ఎండు రొట్టెముక్క చాలన్నాడు. ఏడాది తిరిగేసరికి బాంటింగ్ 46 పౌనులు తగ్గాడు. 1863లో తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించి మొదట ఉచితంగా పంచాడు. వైద్యులు ఎగతాళి చేశారు, జనం ఎగబడ్డారు. ఆయన పేరే ఇంగ్లీషులో క్రియాపదమైపోయింది. స్వీడన్ దేశపు భాషలో "బాంటా" అంటే ఈనాటికీ బరువు తగ్గడానికి పథ్యం చేయడమే. ఆయన 1878లో 81 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆ తరువాత ఈ పథ్యం ఎన్నిసార్లు మరుగున పడి, ఎన్ని పేర్లతో తిరిగి వచ్చిందో లెక్కలేదు. 1972లో అమెరికాలో డాక్టర్ రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం లక్షల్లో అమ్ముడైతే మరుసటి ఏడాదే అక్కడి వైద్య సంఘం దాన్ని తప్పుపట్టింది. మన తెలుగు జిల్లాల్లో 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పథ్యం ఊరూరా మారుమ్రోగడం, కొబ్బరినూనె సీసాలకు గిరాకీ రావడం, టీవీల్లో వైద్యులు అభ్యంతరాలు చెప్పడం మనమంతా చూసినదే. ఆ వాదోపవాదాలు వింటుంటే బాంటింగ్ కాలపు లండన్ మళ్ళీ దిగివచ్చినట్లనిపిస్తుంది.

ఇక కోత సంగతి. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ అనే సర్జన్లు చిన్నప్రేగులో చాలా భాగాన్ని దారి తప్పించే పద్ధతిని ప్రకటించారు. తిన్నది ఒంటికి పట్టకుండా చేయడం వారి ఆలోచన. 1960లలో, 70లలో ఆ ఆపరేషన్ వేలమందికి జరిగింది. బరువు నిజంగానే తగ్గింది. కాని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్ళు, విటమిన్ల లోపం, కొందరిలో కాలేయం పాడైపోవడం మొదలయ్యాయి. ప్రాణాలూ పోయాయి. 1980 వచ్చేసరికి సర్జన్లే దాన్ని వదిలేశారు.

ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేను. ఆయన అన్నగారు స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. చిన్నప్రేగు ఆహారంలోని సారాన్ని గ్రహించలేకపోవడమే ఆ జబ్బు. ఆ దుఃఖాన్ని మనసులో ఉంచుకున్న సుబ్బారావు గారి నాయకత్వంలోనే అమెరికాలోని లెడర్లీ సంస్థ బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సారం పట్టక మనిషి కృశించే జబ్బుకు ఒకరు మందు వెతికితే, తొమ్మిదేళ్ళకు ఇంకొకరు సారం పట్టకుండా చేసే ఆపరేషన్ కనిపెట్టారు. ఈ ఆపరేషన్లు చేయించుకున్నవారు జీవితాంతం వేసుకోవలసిన మాత్రల్లో ఈనాటికీ సుబ్బారావు గారి ఫోలిక్ యాసిడ్ ఉంటుంది.

అయోవా విశ్వవిద్యాలయపు సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ వేరే దారి పట్టాడు. కడుపులో పుండ్లకు జీర్ణాశయంలో కొంత తీసివేసిన స్త్రీలు మళ్ళీ లావెక్కడం లేదని గమనించి, 1966లో మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశాడు. జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నప్రేగుకు కలపడం ఆ పద్ధతి. 1980లో ఆయనే దానికంటే తేలికైనదని ఇంకొకటి మొదలుపెట్టాడు. ప్రేగు జోలికి పోకుండా జీర్ణాశయానికి నిలువునా పిన్నులు కొట్టి, దిగువ ద్వారానికి పట్టీ బిగించడం. మేసన్ నూరేళ్ళు బతికి 2020లో పోయాడు.

ఈ పిన్నుల ఆపరేషన్ దగ్గరే నా ప్రశ్నకు జవాబు దొరికింది. దారి ఇరుకు చేస్తే ఏం జరుగుతుంది? మాంసం ముక్క, గట్టి కూర అడ్డుపడతాయి, వాంతి అవుతుంది. ఐస్‌క్రీము, మిల్క్ షేకు, టీలో ముంచిన బిస్కెట్టు సులువుగా జారిపోతాయి. మనిషి ఏది సుఖంగా దిగుతుందో దానివైపే మొగ్గుతాడు. 1987లో వర్జీనియాకు చెందిన హార్వే షుగర్‌మన్ 40 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు బైపాస్, ఇంకొక జట్టుకు పిన్నుల ఆపరేషన్ చేసి పోల్చి చూశాడు. తీపి ఎక్కువగా తినేవారికి పిన్నుల ఆపరేషన్ సరిగా పనిచేయలేదు. బైపాస్ అయినవారు తీపి తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్ళు తిరుగుతాయి. ఆ భయమే వారిని కొంత కాపాడింది. కాని ఆ భయం కూడా కొందరిలో ఏళ్ళు గడిచేసరికి పలచబడుతుంది. ఆపరేషన్ కడుపును చిన్నది చేయగలదు గాని, అందులో ఏం పడాలో నిర్ణయించలేదన్న సంగతి ఆ రోజుల్లోనే బయటపడింది.

మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్న స్లీవ్ ఆపరేషన్, జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసివేసి అరటికాయలాంటి గొట్టం మిగల్చడం. మా అమ్మాయికి జరిగింది ఇదే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును జపాన్ శాస్త్రజ్ఞులు 1999లో కనుగొన్నారు. అది ఎక్కువగా తయారయ్యే భాగం స్లీవ్‌లో పోతుంది కనుక మొదట్లో ఆకలే ఉండదు. "అన్నం మాట గుర్తే రాదు పెదనాన్నా" అనేది అప్పట్లో. ఏడాది, రెండేళ్ళు గడిచాక ఆకలి తిరిగి వస్తుంది. గొట్టం కొంత సాగవచ్చు. తగ్గిన శరీరం తక్కువ ఖర్చుతో నడవడం నేర్చుకుంటుంది. మా ఇళ్ళలో ఆపరేషన్ మనిషికి మెత్తగా ఏం పెడతాం? ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం, జావ. ప్రేమతోనే పెడతాం. ఐస్‌క్రీము ఎలా జారుతుందో ఇవీ అలాగే జారుతాయి.

బరువు తిరిగి రావడం ఎంత సామాన్యమో స్వీడన్ వారు లెక్క కట్టారు. బాంటింగ్ పేరును క్రియాపదం చేసుకున్న ఆ దేశంలోనే 1987లో మొదలైన అధ్యయనంలో, ఆపరేషన్ అయిన 2010 మందిని, కాని 2037 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం తగ్గి, పదేళ్ళకు 25 శాతం దగ్గర నిలిచారు. అంటే నూరు కిలోల మనిషి 68కి దిగి, మళ్ళీ 75కి వచ్చాడన్నమాట. పిన్నుల ఆపరేషన్ వారు 25 నుంచి 16కు, పట్టీ ఆపరేషన్ వారు 20 నుంచి 14కు వచ్చారు. వీరందరూ జిహ్వచాపల్యం గలవారని అనగలమా? అయినా ఆపరేషన్ వృథా కాలేదు. సుమారు పదకొండేళ్ళలో ఆపరేషన్ జట్టులో 101 మంది, రెండవ జట్టులో 129 మంది చనిపోయారు. కొంత బరువు తిరిగి వచ్చినా ప్రాణానికి లాభమే జరిగింది.

అయితే పిండిపదార్థాల పథ్యం మంత్రదండమా అంటే, కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 609 మందితో చేసి 2018లో ప్రకటించిన పరీక్షలో, ఏడాది తరువాత కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నదని వారే చెప్పారు. మామూలు మనిషికి ఏ పథ్యం నిలబడితే అదే మంచిదని నా అభిప్రాయం. ఆపరేషన్ మనిషి లెక్క వేరు. చోటు తక్కువ. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలని సర్జన్లు చెబుతారు. ఒక కప్పు అన్నంలో 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. దానితోనే కడుపు నిండితే గుడ్డుకు, చేపకు, పనీరుకు చోటెక్కడ? కొర్రలు, రాగులు పరవాలేదనుకుంటారు చాలామంది. పీచు ఎక్కువ అనుకున్నా, వాటిలోనూ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే.

ఒక జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి అన్నం మానితే షుగర్ పడిపోయి ప్రమాదం. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వేసుకునేవారికి ఈ పథ్యంలో రక్తం ఆమ్లంగా మారే ముప్పుంది. షుగర్ అంకె మామూలుగానే కనబడుతూ మోసం చేస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అసలే సొంత వైద్యం చేయరాదు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చాయి. ఆపరేషన్ తరువాత బరువు పెరిగినవారికి కొందరు వైద్యులు వాటినీ రాస్తున్నారు.

సంక్రాంతికి నేనే మా తమ్ముడి ఇంటికి వెళ్ళి, ఆ అమ్మాయితో, "ఆ రోజు అన్న మాట తప్పమ్మా" అన్నాను. "మీరొక్కరే అన్నారా పెదనాన్నా" అని నవ్వింది. పథ్యం మొదలుపెట్టే ముందు సర్జన్‌కు చూపించుకుందామని ఇద్దరం వెళ్ళాం. ఎండోస్కోపీ చేశారు, బి12 తక్కువగా ఉందని ఇంజెక్షన్లు రాశారు. పాత ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నారు. వాళ్ళింట్లో ఎంత వెతికినా దొరకలేదు. తొమ్మిదేళ్ళ క్రితం బిల్లుల కోసం నాకు ఇచ్చిన జిరాక్సు కాపీ, ఆఫీసు అలవాటు కొద్దీ ట్యాగు వేసి దాచిన ఫైలులో, మా బీరువా అడుగున దొరికింది. ఈ నెల ఒకటో తారీఖున తూచుకుంటే 85 అట.