నేల సంగతి ఎవరు చెప్పాలి?

నల్లరేగడి ఎండకు నెర్రెలు బాస్తుందని, నింపిన మట్టి కొన్నాళ్లకు కుంగుతుందని ఉదయసముద్రం పక్కనున్న పానగల్‌లో ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. బయానా ఇచ్చే రోజు మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తరు. బ్రోకర్ రేటు చెబుతాడు, రోడ్డు వెడల్పు చెబుతాడు. నేల గురించి అడిగితే, ‘మీరే చూసుకోండి’ అంటాడు.

అమెరికాలోనూ చాలాకాలం అదే పద్ధతి. కొనేవాడే కళ్లు తెరిచి చూసుకోవాలి. కాలిఫోర్నియాలో దాన్ని మార్చింది డయాబ్లో అనే ఊరిలోని ఒక ఇల్లు.

ఎకరం స్థలం, ఈతకొలను, చుట్టాలు దిగడానికి విడిగా ఇంకో ఇల్లు. 1976లో ఒక మహిళ దాన్ని 1,70,000 డాలర్లకు కొన్నది. సరిగా దిమ్మిస చేయని మట్టి మీద కట్టిన ఇల్లది. అమ్మినవాళ్లు ఉన్నప్పుడే వాలు ఒకటికి రెండుసార్లు జారింది. ఆ విషయం వాళ్లు ఏజెంట్లకు కూడా చెప్పలేదు. కొన్న కొద్దికాలానికే నేల మళ్లీ కదిలింది. బాగుచేయడానికి 2,13,000 డాలర్ల దాకా అవుతుందని ఒక అంచనా, అంటే కొన్న ధర కంటే ఎక్కువ!

ఏజెంట్లకు నిజంగా ఏమీ తెలియదా? కోర్టు పట్టుకున్నది ఇక్కడే. జారిన వాలు మీద పరిచిన వల ఒకరి కంటపడింది. చుట్టాల ఇంట్లో నేల ఒక పక్కకు ఒరిగి ఉండడమూ కనిపించింది. అది నింపిన మట్టి అన్న సంగతీ తెలుసు. అయినా మట్టి పరీక్ష చేయించమనలేదు, కొనే ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. 1984లో ‘ఈస్టన్ వర్సెస్ స్ట్రాస్‌బర్గర్’ కేసులో అప్పీలు కోర్టు తేల్చేసింది: ఏజెంటు తనకు తెలిసింది చెబితే సరిపోదు, శ్రద్ధగా చూస్తే తెలిసేదీ తెలుసుకుని చెప్పాలి. జ్యూరీ ఏజెన్సీ మీద మోపిన తప్పు 5 శాతమే. అయినా రాష్ట్రంలోని ఏజెంట్లంతా ఉలిక్కిపడ్డారు.

వెంటనే చట్టం వచ్చింది. 1986 నుంచి ఏజెంటు ఇల్లంతా స్వయంగా తిరిగి, కంటికి కనిపించే లోపాలను కొనేవాళ్లకు తెలపాలి. గోడల లోపల, చేరలేని చోట ఉన్నవాటికి అతను బాధ్యుడు కాడు. దావాకు గడువు రెండేళ్లు. ఇది న్యాయమైన గీత. కమీషన్ తీసుకునే మనిషి కళ్లకు జవాబుదారీ ఉండాలి, అంతేగానీ గోడ పగలగొట్టి చూడమనడం కుదరదు. మరుసటి ఏడాది నుంచి అమ్మేవాళ్లు నింపే ఫారం ఒకటి తప్పనిసరి అయింది. మట్టి నింపారా, నేల కుంగిందా, జారిందా అని అందులో సూటిగా అడుగుతారు. ఏజెంటు తాను చూసింది రాయడానికీ అందులో చోటుంది.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకు తెలిస్తే అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. 2016 రెరా చట్టం ప్రాజెక్టులు అమ్మే ఏజెంట్లను రిజిస్టర్ చేసుకోమంది, కట్టడం లోపాలకు బిల్డర్‌ను ఐదేళ్లు బాధ్యుణ్ని చేసింది. పాత ఇల్లు చేతులు మారేటప్పుడు మధ్యనుండే బ్రోకర్ మాత్రం దాని కిందికి రాడు.

అందుకే నల్లగొండలో గానీ పానగల్‌లో గానీ ఇల్లు కొనేవాళ్లు బయానా ఇవ్వకముందే ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాయండి: ఇది నింపిన నేలా? చెరువు శిఖమా? గోడలు ఎప్పుడైనా పర్రెలిచ్చాయా? వాటి కింద అమ్మేవాళ్లతో, బ్రోకర్‌తో జవాబులు రాయించి, సంతకాలు పెట్టించుకోండి.