హైదరాబాద్ ఫుట్‌బాల్: రెండు పతనాలు, ఒక పాఠం

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. 1-1తో సమమైన ఫైనల్‌ను షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకుని గెలిపించాడు. రెండేళ్లకే, 2023-24 సీజన్‌లో, ఆ జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. 2024లో యాజమాన్యం మారినా మరుసటి సీజన్‌లో దక్కింది 13 జట్లలో 12వ స్థానమే. 2025లో క్లబ్బు ఏకంగా ఢిల్లీకి తరలిపోయి, పేరు సైతం మార్చుకుంది.

విజేతలు అంత త్వరగా ఆట మరచిపోరు. ఆగినవి జీతాలు. బకాయిల వివాదాలు ఫిఫా దాకా వెళ్లి, కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు సీజన్ మధ్యలోనే దారి చూసుకున్నారు. అనుభవం చాలని కుర్రాళ్లు అనుభవజ్ఞుల స్థానంలో బరిలోకి దిగి, వారం వారం ఓటమిని మోశారు. ఖాతా పుస్తకంలో మొదలైన పరాజయం మైదానంలో కనిపించింది.

ఈ నగరం ఇటువంటి పతనాన్ని అంతకుముందే ఒకసారి చూసింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుదే. దానికి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఆ విజయాల వెనుక రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది, ఆటగాడి ఇంట పొయ్యి వెలిగించిన పోలీసు ఉద్యోగం. రెండవది, కుర్రాళ్ల కోసం రహీం నడిపిన పోటీలు. కొన్నింటిలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. కొన్నింటిలో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఒక తరం పెద్ద జట్టులో ఆడుతుండగానే మరో తరం కింద తయారయ్యేది.

1963 జూన్‌లో రహీం మరణించారు. ఆ ఊపు కొన్నేళ్లు మాత్రమే నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన సంతోష్ ట్రోఫీయే తెలుగు నేలకు ఇప్పటికీ చివరిది. అంతకుముందే తులసీదాస్ బలరాం కలకత్తాకు వెళ్లాడు. 1966లో హబీబ్, నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ప్రతిభ అప్పటికీ ఉంది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సారథి నయీముద్దీనే. కానీ వెళ్లినవారి స్థానాన్ని భర్తీ చేసే వ్యవస్థ వ్యక్తిని మించి బతకలేదు.

2019లో వచ్చిన క్లబ్బు ఆ పాత వేరు మీద మొలిచినది కాదు. మూతపడిన ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో అది లీగ్‌లో అడుగుపెట్టింది. అలా వచ్చినది అలాగే వెళ్లగలిగింది. పైగా అట్టడుగున నిలిచిన జట్టును కింది శ్రేణికి పంపే విధానం ఐఎస్ఎల్‌లో అమలు కాలేదు. ఓటమికి మూల్యం ఆటగాళ్లు, అభిమానులు చెల్లించారు. లీగ్‌లో క్లబ్బు స్థానం మాత్రం చెక్కుచెదరలేదు.

పొరుగు రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఈ సమస్యను మరో కొస నుంచి చూపిస్తుంది. రాజధాని రాయపూర్ చెంత దేశంలోని అతిపెద్ద క్రికెట్ మైదానాల్లో ఒకటి ఉంది. 2023 జనవరి 21న అక్కడ తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. ఐఎస్ఎల్ క్లబ్బు మాత్రం ఆ రాష్ట్రానికి లేదు. అయినా దక్షిణాన నారాయణపూర్‌లో, అబూజ్‌మాడ్ గిరిజన బాలల కోసం 1985లో స్థాపితమైన రామకృష్ణ మిషన్ ఆశ్రమం నేడు ఫుట్‌బాల్ అకాడమీ నడుపుతోంది. 2024లో అండర్-20 జాతీయ పోటీలకు ఆ ఆశ్రమ మైదానమే వేదికైంది. హైదరాబాద్‌కు పై అంతస్తు దక్కి పునాది లేకపోయింది. ఛత్తీస్‌గఢ్‌లో పునాది పడుతోంది, పై అంతస్తు రావలసి ఉంది.

పునర్నిర్మాణం అనగానే కొత్త కోచ్, కొత్త విదేశీ ఆటగాడు, కొత్త పెట్టుబడిదారు అనే మాటలే వినిపిస్తాయి. 1950ల అనుభవం చూపే క్రమం వేరు. ఒక సీజన్ జీతాలకు సరిపడే సొమ్మును ముందుగానే పూచీకత్తుగా జమ చేయించుకోకుండా ఏ క్లబ్బునూ లీగ్‌లోకి అనుమతించరాదు. గచ్చిబౌలి స్టేడియం వంటి ప్రభుత్వ మైదానాన్ని వాడుకునే క్లబ్బుకు నగరంలో బాలల లీగులు నడిపే బాధ్యతను ఒప్పందంలోనే చేర్చాలి. శిక్షకుడు మారినా శిక్షణ పద్ధతి కొనసాగాలి. ఇవి ఖరీదైన పనులు కావు, ఓపికతో చేయవలసినవి. రేపు హైదరాబాద్‌కు మరో క్లబ్బు వస్తే దాని యజమానిని అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ ఊరి పన్నెండేళ్ల పిల్లలు ఎక్కడ ఆడుతున్నారన్నదే.