కాతిబు కలం – అచ్చుయంత్రం

ఇస్లామీయ నాగరికతలో కలానికి ప్రత్యేక గౌరవం ఉంది. దివ్య ఖురాన్‌లో ఒక సూరా పేరే ‘ఖలమ్’. అందువల్ల గ్రంథాలకు ప్రతులు రాసే కాతిబు వృత్తి శతాబ్దాల తరబడి జీవనోపాధిగానే కాక, విద్యాసేవగా కూడా పరిగణింపబడింది. ఈ వృత్తిపై ముద్రణ చూపిన ప్రభావాన్ని పరిశీలిస్తే, కొత్త సాధనం పాత పనివారిని ఎప్పుడు కలుపుకుంటుందో, ఎప్పుడు పక్కకు నెడుతుందో తెలుస్తుంది.

ఉలమాలు వ్యతిరేకించినందువల్లనే ముస్లిం సమాజంలో ముద్రణ ఆలస్యమయిందని తరచు చెబుతారు. ఇది పూర్తి సత్యం కాదు. ఒట్టోమన్ రాజధాని ఇస్తాంబుల్‌లో 1727లో ఇబ్రహీం ముతఫర్రిఖాకు సుల్తాన్ మూడవ అహ్మద్ ముద్రణకు అనుమతి ఇచ్చాడు. షేఖుల్ ఇస్లాం అబ్దుల్లా ఎఫెందీ దానిని సమర్థిస్తూ ఫత్వా ఇచ్చారు. ఖురాన్, తఫ్సీర్, హదీసు, ఫిఖ్ గ్రంథాలను మాత్రం మినహాయించారు. 1729లో వాన్‌ఖులీ నిఘంటువు మొదటి గ్రంథంగా వెలువడింది. కాని 1742 నాటికి ఆ ముద్రణాలయం ప్రచురించినవి 17 గ్రంథాలే. అనుమతి లభించినంత మాత్రాన ముద్రణ విస్తరించలేదని దీన్నిబట్టి స్పష్టమవుతుంది.

భారతదేశంలో లిపి కూడా పెద్ద సమస్య అయింది. పారసీక, ఉర్దూ పాఠకులు అలవాటుపడిన నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఒకదానిపై ఒకటి వాలుతూ కలిసిపోతాయి. పక్క అక్షరాన్ని బట్టి రూపం మారుతుంది. విడివిడి సీసపు అక్షరాలతో ఆ సొగసు తేవడం కష్టం. ఖర్చు కూడా ఎక్కువ.

ఈ చిక్కును శిలాముద్రణ తీర్చింది. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన ఈ పద్ధతి 1820ల నాటికి మన దేశం చేరింది. కాతిబు జిడ్డు సిరాతో కాగితంపై రాస్తాడు. ఆ రాతను రాతిపలకపైకి దింపుతారు. పలకను తడిపి సిరా పూస్తే, అది జిడ్డు ఉన్న చోటనే అంటుతుంది. ఇక్కడ యంత్రం కాతిబును తొలగించలేదు; అతని రాతనే వందలాది ప్రతులుగా మార్చింది.

ఫలితంగా గ్రంథాలు చౌకై సామాన్యుల ఇళ్ళకు చేరాయి. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ స్థాపించిన ముద్రణాలయం హైందవ గ్రంథాలతో పాటు ఖురాన్ ప్రతులను కూడా విరివిగా ప్రచురించింది. అయితే ఒక్క తప్పు దొర్లితే అది ప్రతులన్నిటిలోకీ పాకుతుంది. కనుక పాఠాన్ని సరిచూచే పండితుల అవసరం పెరిగింది. 1866లో ప్రారంభమైన దేవ్‌బంద్ మదరసా స్థాపకులలో ఒకరైన మౌలానా ఖాసిం నానౌతవీ ఢిల్లీ, మీరట్ ముద్రణాలయాల్లో ఈ పని చేసినవారే. హైదరాబాదులో 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ కూడా ఇట్టి పరిష్కరణకే పేరు పొందింది. అల్‌బిరూనీ ‘అల్ ఖానూన్ అల్ మస్ఊదీ’ని 1954–56లో ప్రచురించింది ఈ సంస్థే.

తర్వాతి మార్పు వేరు తీరున వచ్చింది. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సంపుటాలను స్వయంగా రాసి, మోనోటైప్ సంస్థ సహకారంతో కంప్యూటరుకు ఎక్కించారు. కాతిబు అయిన తన తండ్రి నూర్ అహ్మద్ పేరిట దానికి ‘నూరీ నస్తాలీఖ్’ అని పేరు పెట్టారు. 1981లో లాహోరు ‘జంగ్’ పత్రిక దానితో వెలువడింది. యంత్రం ఒక కాతిబు రాతను ఒక్కసారి స్వీకరించి, మిగిలినవారి అవసరం లేకుండా చేసింది. 1927లో మద్రాసులో ప్రారంభమైన ‘ముసల్మాన్’ దినపత్రిక ఇరవై ఒకటవ శతాబ్దంలోనూ చేతిరాతతో సాగడం అరుదైన విషయం. హైదరాబాదు ఛత్తా బజారులో కాతిబులు పలువురు పెళ్ళి శుభలేఖల రాతతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఉర్దూ ముద్రణ సులభమైంది. ఈ మేలును కాదనలేము. కాని శిలాముద్రణకు ప్రతి కొత్త పుటకూ కాతిబు కావలసి వచ్చాడు. కంప్యూటరుకు ఒక్కసారి మాత్రమే కావలసి వచ్చాడు. ఏ కొత్త సాధనాన్ని బేరీజు వేసేటప్పుడైనా, అది ఎంత పని చేస్తుందనే దానితో పాటు ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.