నాడి చూడక్కర్లేదన్నారు

అమ్మ ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు వచ్చి, "రోజూ ఏం మందులు వేసుకుంటారమ్మా?" అని అడిగింది. అమ్మ బీపీ మాత్ర ఒక్కటే చెప్పింది. రక్తం పలచబడే మాత్ర సంగతి నేను గుర్తుచేస్తే, "అదెంత మాత్రలే" అంది. ఆపరేషన్ వారం వాయిదా పడింది.

ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందా అని చదువుతూ పోతే మన హైదరాబాదే తగిలింది.

1848లో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫామ్ మత్తులోనే పోయింది. అలాంటి చావుల్లో ముందు ఆగేది ఊపిరా, గుండెా? తేల్చడానికి ఆరో నిజాం డబ్బిచ్చాడు. 1888లో ఒకటి, 1889లో ఒకటి, హైదరాబాదులో రెండు కమిషన్లు కూర్చున్నాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ బృందం వందల కుక్కలకి ఊపిరి ఆగేదాకా మత్తిచ్చి చూసింది. ఊపిరే ముందు ఆగుతుంది, దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడక్కర్లేదు అని తేల్చింది.

వాళ్లు చూసింది నిజమే, కానీ సగమే. 1911లో లెవీ అనే డాక్టరు పిల్లుల మీద మిగతా సగం చూపించాడు. క్లోరోఫామ్ మత్తు పలచగా ఉన్నప్పుడు ఎడ్రినలిన్ తోడైతే గుండె అదిరి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎడ్రినలిన్ సూదిలోనే కాదు, భయపడితే మన ఒంట్లోనూ ఊరుతుంది.

మందు ఒక్కటే ఎప్పుడూ ఒంట్లోకి రాదు. అక్కడ ముందే ఏముందో అడగాలి. మనమూ దాచకుండా చెప్పాలి.

వారం తర్వాత వెళ్లినప్పుడు మందుల చీటీ అమ్మే రాసుకుంది.