లినక్స్‌లో ఒక పాత పగులు

కంప్యూటరును నడిపించు వ్యవస్థలలో అందరికిని సమానాధికారము లేదు. సామాన్య వినియోగదారుడు తన ఫైళ్ల వరకే స్వతంత్రుడు. ‘రూట్’ అను ఖాతాకు సమస్తమును వశవర్తియే. ఈ రెండింటి నడుమ నున్న గోడను సామాన్యుడు దాటుటకు వీలిచ్చు లోపములలో, 2016 అక్టోబరున బయటపడిన ‘డర్టీ కౌ’ చరిత్ర విశేషముగా పరిశీలింపదగినది. ‘వ్రాయునప్పుడు నకలు’ అను అర్థమిచ్చు ఆంగ్లపదముల తొలి అక్షరములు కూడి ఆ పేరైనది. పాపము, గోవున కిందులో ప్రమేయము లేదు.

కరణము నకలు నిచ్చి అసలు దస్తావేజును పెట్టెలో దాచునట్లు, చదువుటకు మాత్రమే అనుమతిగల ఫైలుపై ఎవరైన వ్రాయబూనినచో, లినక్స్ కెర్నెల్ మెమరీలో వారికొక సొంత నకలు చేసియిచ్చును. నకలు సిద్ధమైన పిదప, ఇక అసలునకు భయము లేదని, ‘ఇది వ్రాతకొరకు’ అను గుర్తును తీసివేసెడిది. సరిగా ఆ క్షణముననే అదే ప్రోగ్రాములోని వేరొక శాఖ నకలును పారవేయుమని కోరినచో, కెర్నెల్ మరల వెదకి, గుర్తు లేనందున అసలు పుటనే చేతికిచ్చెడిది. వ్రాత అసలుపై పడెడిది. ఒకటి రెండు మారులు తప్పినను, వేలకొలది మారులు యత్నించుట యంత్రమునకు కష్టము కాదు. రూట్ అధికారముతో నడచు ప్రోగ్రామునే ఇట్లు మార్చినవాడు తానే రూట్ అగును.

విచారకరమైన విషయమేమనగా, ఈ పగులు ఎవరికిని తెలియనిది కాదు. లినక్స్ కర్తయగు లైనస్ టోర్వాల్డ్స్ 2005లోనే దీనిని సరిచేయ యత్నించెను. ఐబీయమ్ వారి ఎస్390 యంత్రములపై ఆ మార్పు చిక్కులు తెచ్చినందున దానిని ఉపసంహరించిరి. ఆ చిక్కు తరువాత తీరినది గాని, పాత మరమ్మతును మరల తలచినవారు లేరైరి. నాడు ఊహామాత్రమైన ఆ క్షణకాలపు సందు, కెర్నెల్ పెంపొందిన కొలది సుసాధ్యమైనది. 2007 నాటి 2.6.22 కూర్పు మొదలు అన్నియు దీనికి లోబడినవే.

ఫిల్ ఓస్టర్ అను నతడు తన సర్వరునకు వచ్చు సమాచారమంతయు భద్రపరచుకొనుటచేత, దాడికి వాడిన ప్రోగ్రామే ఆయన చేజిక్కెను. అనగా మరమ్మతుదారులకంటె ముందుగా దొంగలే ఎరిగియుండిరి. టోర్వాల్డ్స్ సవరణ వ్రాయుచు, పదునొకండేండ్లనాటి తన యత్నము బాగుగా లేదని తానే ఒప్పుకొనెను.

ఆండ్రాయిడ్ ఫోనులకును ఈ కెర్నెలే ఆధారము. 2017 సెప్టెంబరులో ట్రెండ్ మైక్రో సంస్థ ఈ సందునే వాడుకొను ‘జెడ్‌ఎన్‌ఐయూ’ అను దుష్ట ప్రోగ్రామును ప్రకటించెను. దానికి చిక్కినవారిలో అధికులు చైనా, భారతదేశముల వారే. ఆ నవంబరులో, పెద్ద మెమరీ పుటల విషయమున 2016 నాటి సవరణయు అసంపూర్ణమని తేలగా, మరియొక సవరణ చేయవలసివచ్చెను.