బాప్తిస్మం: అద్దకం నుంచి వచ్చిన మాట

సిరిసిల్లలో నూలుకు రంగు పట్టించడాన్ని అద్దకం అంటారు. రొట్టెను పులుసులో అద్దుకు తినడమూ ఆ ధాతువే. గ్రీకు భాషలో ‘బాప్టో’ అనే క్రియ కూడా అచ్చం ఇలాంటిదే: ముంచడం, రంగు అద్దడం. యోహాను సువార్తలో యేసు రొట్టె ముక్కను ముంచి యూదాకు ఇచ్చే చోట వాడింది ఆ క్రియనే. దాని నుంచి ‘బాప్టిజో’, దాని నుంచి బాప్తిస్మం.

అనువాదకులు దీన్ని తెలుగు చేయకుండా అలాగే ఉంచేశారు. కారణం లేకపోలేదు. ‘ముంచడం’ అంటే చిలకరించే సంఘాలు ఒప్పుకోవు, ‘చిలకరించడం’ అంటే బాప్టిస్టులు ఒప్పుకోరు! కతోలికులు మాత్రం ‘జ్ఞానస్నానం’ అన్నారు. పసిబిడ్డకు అండగా నిలిచేవారు వాళ్లకు జ్ఞాన తల్లిదండ్రులు. ఈ మాటల్లో ‘జ్ఞానస్నానమే’ అందమైనది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కరీంనగర్ అధ్యక్ష మండలం కిందికి వస్తుంది. అక్కడ పసిపిల్లలకూ బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో మాత్రం విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలోకి దిగాలి. పాత మనిషి చనిపోయి కొత్త మనిషి లేచినట్టు అని పౌలు చెప్పిన అర్థం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. మర్నాటి నుంచి మాట, నడత మారాయా అని ఊరు చూస్తుంది.

తెలుగునాట ఇలా నీళ్లలో ముంచే బాప్తిస్మానికి పెద్ద సాక్ష్యం గుండ్లకమ్మ నది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గరి వెల్లంపల్లిలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మిషన్ వారు ఒక్కరోజులో 2,222 మందికి ఆ నదిలో బాప్తిస్మం ఇచ్చారు.